అధ్యక్షుని సందేహం



ఆసుపత్రిలో మీ ఇంటి మనిషి యంత్రం సాయంతో ఊపిరి తీస్తున్నాడు. ఒళ్లు వెచ్చగానే ఉంది. డాక్టరుగారు మాత్రం మెదడు పూర్తిగా చనిపోయిందనీ, ఇక ఆయన లేరనీ చెప్పి అవయవదానం మాటెత్తుతారు. మన దేశంలో 1994 నాటి చట్టం ఆ స్థితిని మరణంగానే గుర్తించింది. సరే, చట్టం అన్నంతమాత్రాన అది సత్యమేనా?

ఈ ప్రశ్ననే అమెరికా అధ్యక్షుని జీవనైతిక మండలి చేపట్టింది. 2005లో దాని సారథ్యం స్వీకరించినవారు డాక్టర్ ఎడ్మండ్ పెల్లెగ్రీనో. కతోలిక విశ్వాసి, వైద్యుడు. అప్పటికి ఆయన వయస్సు 85 ఏళ్లు! 2008 డిసెంబరులో వెలువడిన నివేదికలో సభ్యులలో ఎక్కువమంది మెదడు మరణమనే ప్రమాణాన్ని సమర్థించారు. చిక్కేమిటంటే, సారథికే సందేహాలున్నాయి.

మీరే ఆ కుర్చీలో ఉంటే ఏం చేస్తారు? మౌనం వహిస్తే మనస్సాక్షి ఒప్పుకోదు. అధికారంతో నివేదికను తనవైపు తిప్పుకుంటే అది తోటివారికి ద్రోహం. పెల్లెగ్రీనో అధిక సంఖ్యాకుల అభిప్రాయాన్ని అలాగే నిలిపి, తన సందేహాలను తన పేరుతో వేరుగా రాసి ఆ నివేదికకే జతపరిచారు. సందేహం చెబితే అవయవదానానికి జనం వెనుకాడతారని కొందరు అనవచ్చు. ఆ భయం తేలికైనది కాదు. ఒక మూత్రపిండం కోసం ఏళ్లతరబడి ఎదురుచూసేవారున్నారు. అయినా దాచిన సందేహం బయటపడిన రోజున పోయే నమ్మకం తిరిగి రాదు. పునీత తోమాస్ అక్వినాస్ కూడా ఎదుటివారి వాదాన్ని ముందుగా రాసి, ఆ తరువాతే తన మాట చెప్పేవారు. (సెమినరీలో మాకది విసుగ్గా ఉండేది!)

తిరుసభ దానాన్ని ప్రేమకార్యంగా ప్రోత్సహిస్తుంది. రెండవ జాన్‌పాల్ పోపుగారు 2000లో, కచ్చితంగా పాటించినప్పుడు ఈ ప్రమాణం అంగీకరించదగినదేనన్నారు. ఆ కచ్చితత్వాన్ని అడిగే హక్కు మీకుంది. మన చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం ధ్రువీకరించాలి. కనీసం ఆరు గంటల ఎడంతో పరీక్షలు రెండుసార్లు జరగాలి. దగ్గరి బంధువుల సమ్మతి లేనిదే అవయవాలు తీయరాదు.

అలాంటి రాత్రి ఇంటి పెద్దన్నయ్య అందరి తరఫున సంతకం పెట్టబోతాడు. మూలన కూర్చున్న తల్లి, "వాడి చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది కదురా" అంటుంది. ఆమెను బయటికి పంపేయకండి. డాక్టరుగారిని పిలిచి, రెండో పరీక్షలో ఏం చూశారో ఆమెకే చెప్పమనండి.