గాజుపెట్టెలోని కొండచలి

తులసిని పెంచుటకై ఏ యిల్లాలును తన ముంగిలిని మార్చుకొనదు. చెంబెడు నీళ్లు, ఇంత యెండ, ఒక చిన్న కోట ఉన్న చాలును. ఆ యింటి గాలియే దాని గాలి, ఆ యింటి వేసవియే దాని వేసవి. మన యిండ్లలో మొక్కల పెంపక మనునది ఇట్టి సహవాసముపై నిలిచినది. ఇందుకు పూర్తిగా విరుద్ధమైన పెంపక మొకటి కలదు. అందు మొక్క ఇంటికి ఒదుగదు; ఇల్లే మొక్కకొరకు కొండ కావలయును. ఉష్ణమండలపు ఎత్తైన కొండలమీది కూజామొక్కలను చల్లబరచిన గాజుగదులలో పెంచువారి సంగతి నేను చెప్పుచున్నాను. ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో ఇట్టివారు కలరు. వారి వ్యాసంగము చిన్నదే గాని అది లేవదీయు ధర్మసందేహము చిన్నది కాదు.

ఆకు కొననుండి తీగ సాగి, తీగ చివర మూతతోకూడిన కూజా యేర్పడుట ఈ మొక్కల లక్షణము. శాస్త్రజ్ఞులు వీనిని నెపెంథిస్ అందురు. తేనె కాశపడి వచ్చిన పురుగు నున్నని అంచుమీద జారి, లోని ద్రవమున బడి, జీర్ణమైపోవును. సారము లేని నేలలో దొరకని నత్రజనిని మొక్క ఈ విధముగా సంపాదించుకొనును. మన దేశమున ఈ జాతికి చెందినది ఒక్కటే కలదు. అది మేఘాలయపు కొండలలోని ఖాసియానా. గారోలు దానిని 'మెమాంగ్ కోక్సి', అనగా దయ్యపు బుట్ట, అని పిలుతురు. అయినను ఈ జాతి వైభవమును చూడవలెనన్న బోర్నియో ద్వీపమునకే పోవలయును. అచ్చటి కినబాలు పర్వతము ఎత్తు 4,095 మీటర్లు. మూడు లీటర్లకు మించి నీరు పట్టు కూజాలు గల 'నెపెంథిస్ రాజా' ఆ పరిసరముల కొండలమీద, 1,500 మీటర్లకు పైని, పెరుగును. హ్యూ లో అను నాతడు దీనిని 1858లో సేకరించెను. 1859లో జోసెఫ్ హుకర్ పేరిడెను. సరవాకు నేలుచుండిన జేమ్స్ బ్రూక్ అను ఆంగ్లేయునకు 'రాజా' యను బిరుదుండుటచే మొక్కకును ఆ పేరే వచ్చెను. ఆ కొండ ఆ రాజుగారి రాజ్యమున లేదు సుమా!

భూమధ్యరేఖ చేరువనుండి వచ్చిన మొక్క యనగానే వేడికి అలవాటుపడినదని తలతుము. కాని అంత ఎత్తున పగలు 20 మొదలు 25 డిగ్రీలు మాత్రమే. రాత్రి 10 మొదలు 15 డిగ్రీలకు దిగును. మంచు కమ్మిన గాలి ఎల్లప్పుడు తడిసియే యుండును. రాత్రి చలి తగ్గినచో మొక్క చచ్చిపోదు, వెంటనే. మొదట కూజాలు కట్టుట మానును, పిదప ఆకులు చిన్నవగును, నెలల తరబడి కృశించును. కావున పెంచువాడు వేడి చొరని గోడల పెట్టె కట్టి, శీతలయంత్రము పెట్టి, పొగమంచు పుట్టించు పరికరము అమర్చి, దీపములతో పండ్రెండు గంటల పగలు కల్పించును. లవణములు లేని నీరు, నాచు వంటి తేలికయైన మన్నును సమకూర్చును. కూజాలో పురుగు పడనిచో తానే ఎండిన పురుగునో, ఎరువు గుళికనో వేయును. ఇందొక విశేషము కలదు. కినబాలుమీద ఉడుతను బోలిన ట్రీ ష్రూ అను చిన్న జంతువు రాజా కూజా అంచున కూర్చుండి, మూత క్రింది తేనెను నాకుచు, కూజాలోనే మలవిసర్జనము చేయును. ఆ మలమే మొక్కకు ఎరువు. గాజుపెట్టె చెంత గుళిక పట్టుకొని నిలిచిన పెద్దమనిషి తాను ఏ జంతువు పని చేయుచున్నాడో ఎరిగియుండుట మంచిది!

ఇక సందేహము. ఒక ప్రాణిని అది బ్రతుకలేని చోటికి తెచ్చి, ప్రతిదినము యంత్రబలముచే బ్రతికించుట ప్రేమయా, పంతమా? మొక్కకు బాధ తెలియదు గదా, ఇందు హింస యెక్కడిదని కొందరు త్రోసివేయుదురు. ఇది ప్రశ్నను తప్పించుకొనుటయే. పంజరములోని చిలుక సుఖముగా నున్నను, దాని ఆకలికి బాధ్యుడు పంజరమునకు తలుపు పెట్టినవాడే. అది తనకై తాను వెదకుకొను వీలును అతడు తీసివేసెను. తీసివేసిన దానికి బదులు ఇచ్చుట ఇక దయ కాదు, ఋణము. గాజుపెట్టెలోని మొక్క విషయమున ఈ ఋణము మరింత గాఢము. చిలుకకు పండు చాలును. దీనికి రాత్రియే కావలయును. వైశాఖమాసమున ఒక రాత్రి విద్యుత్తు ఆగిపోయినచో యజమానుని మెలకువతప్ప దానికి వేరు దిక్కు లేదు.

చలిని ఎవరును పుట్టింపలేరు. శీతలయంత్రము చేయునదెల్ల పెట్టెలోని వేడిని తోడి బయట పోయుటయే. తోడుటకు పట్టిన శక్తియు వేడిగా మారి దానికి తోడగును. ఆ విద్యుత్తు బొగ్గునుండి వచ్చినదైనచో పొగ ఆకాశమున కెక్కును. భూమి వేడెక్కినకొలది కొండమొక్కలు ఇంకను పైకి పోవలసినవే గాని, శిఖరమునకు పైన చోటు లేదు. ఒక్క పెట్టెవలన కినబాలు కరగిపోవునని నేను అనను, అట్లనుట హాస్యాస్పదము. ఇంటినిండ చల్లయంత్రములు పెట్టుకొనిన మనము ఆ యొక్క పెట్టెను వ్రేలెత్తి చూపుటయు న్యాయము కాదు. కాని మొక్కను కాపాడుచున్నానని చెప్పుకొనువాడు ఈ లెక్కను కూడ పుస్తకమున వ్రాసికొనవలయును.

మొక్క ఎచ్చటనుండి వచ్చినదనునది వేరొక సంగతి. ఇందు నాకు సందేహమేమియు లేదు. 1973లో కుదిరిన అంతర్జాతీయపు ఒడంబడిక రాజాను, మన ఖాసియానాను అత్యంత కట్టడి గల పట్టికలో చేర్చినది. విత్తనమునుండిగాని, కణజాల వర్ధనముచేగాని నర్సరీలో పుట్టిన మొక్క కొండనుండి దేనిని తగ్గింపదు. కొండనుండి పెకలించి తెచ్చినదానిని ఎక్కువ వెలపెట్టి కొని, ఇది అచ్చపు కొండమొక్క యని మురియువాడు దొంగసొత్తును దాచువానికి సోదరుడు.

న్యాయముగా సంపాదించిన మొక్క విషయమున నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది దాని జన్మధర్మమే. కూజామొక్కలలో ఆడువి వేరు, మగవి వేరు. ఎంత ఖర్చుపెట్టి, ఎంత శ్రద్ధతో పెంచినను, ఒంటరిగా నున్న మొక్క విత్తనము కట్టదు. కొమ్మలు నాటి దానినే పెంచవచ్చును గాని, సంతానము కావలెనన్న ఇంకొకరి పెట్టెలోని మొక్క పూయు సమయము చూచి పుప్పొడి తెప్పించుకొనవలయును. తనదే యని తాళము వేసికొనిన యజమానుని చేత ఈ మొక్క ఒక గదికి ఒక శరీరము మాత్రమే. పొరుగువారితో పంచుకొనిన ధర్మకర్త చేతనే అది జాతి యగును. దేవాలయపు మాన్యమును చూచుకొను ధర్మకర్తకు పంట తినుటకు హక్కు లేకున్నను లెక్క చెప్పు విధి కలదు. ఈ పెంపకమును ఆ దృష్టితో చూచువాడు పుప్పొడిని అడిగినవారికి పంపును. మొక్క పుట్టువు, పేరు, ఆడదో మగదో చీటీ వ్రాసి ఉంచును.

ఇంకొక ప్రశ్న మిగిలినది. దానిని పెంచువారు తమలో తాము తరచుగా అడుగుకొనవలసినది. ఈ మొక్కలు మంచి పోషణలో పెక్కేండ్లు బ్రతుకును. మనిషి ముసలివాడగును, ఇల్లు మారును, కొడుకునకు ఈ అభిరుచి ఉండకపోవచ్చును. యజమానుడు పోయిన మరునాడు ఆ యంత్రమునకు డబ్బు చెల్లించువారెవరు? మంచముపట్టిన తరువాత వ్రాయు వీలునామాలో కూజామొక్కకు చోటు దొరకదు. కొమ్మ నాటుటకు వీలైన నాడే ఒక పిలకను తన యింటికి దూరమున నున్న మరియొక పెంపకగాని చేతబెట్టి, దాని చీటీని కూడ ఇచ్చివేసినవాని మొక్క, ఇచ్చట విద్యుత్తు ఆగిన రాత్రి, అచ్చట చల్లగా నుండును.