మొదట నోరు విప్పవలసినది ఎవరు?

మానేరు ఒడ్డున నున్న సిరిసిల్ల పట్టణము నేతకు పెట్టినది పేరు. అచ్చటి వీథులలో నడచువారికి మనుష్యుల మాటల కంటె ముందు సాంచాల చప్పుడు వినవచ్చును. షెడ్డులో ప్రక్కప్రక్కన నిలిచిన ఇద్దరు మాటాడుకొనవలెనన్నను చెవి దగ్గర నోరుంచి అరవవలసినదే. అయినను అచ్చటి పెద్దలకు, పిన్నలకు నడుమ మాట సాగకపోవుటకు ఆ చప్పుడే కారణమనుకొనుట పొరపాటు. సాంచాలు ఆగిన వేళ కూడ సాగని మాటలు కలవు. వాటిని గూర్చియే ఈ విచారము.

ఒక షెడ్డును ఊహింతము. అరువది యేండ్ల పెద్దాయన ఒక వైపున సాంచాలు చూచుకొనుచున్నాడు. బాల్యమున తండ్రి ప్రక్కన కూర్చుండి చేమగ్గముపై నాడె విసరుట నేర్చిన చేయి ఆయనది. ఇరువది రెండేండ్ల యువకుడు ఆవలి వరుసలో నున్నాడు. యువకుని సాంచా చప్పుడులో చిన్న తేడా వచ్చినది. నాడె దెబ్బ సరిగా పడుట లేదని పెద్దాయన చెవికి తెలిసినది. ఆయన చెప్పలేదు, “అడిగిన గదా చెప్పుట” అనుకొన్నాడు. యువకునికిని ఏదో తేడాగా నున్నదని తోచినది. ఆతడు అడుగలేదు, “అడిగిన చులకన యగుదును” అనుకొన్నాడు. సాయంకాలమునకు బట్టలో లోపములు తేలినవి. నేసిన మీటర్ల లెక్కన కూలి ముట్టు పనిలో చెడిన బట్ట యనగా చెడిన కూలియే. యువకునికి నష్టము, ఆసామికిని నష్టము. పెద్దాయనకు మిగిలినది ఏమి? తాను ముందే యెరుగుదునను తృప్తి. ఆ తృప్తి ఎవరి యాకలిని తీర్చును?

ఈ ఇద్దరిలో మొదట నోరు విప్పవలసినది ఎవరు?

లోకము సాధారణముగా పిన్నవానినే తప్పుపట్టును. “ఈ కాలపు పిల్లలు అడుగరు, చెప్పిన వినరు” అందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని అడుగుటలో నున్న భయమును పెద్దలు మరచుచున్నారు. “ఇంతమాత్రము తెలియదా?” అను సమాధానము నలుగురి యెదుట ఒక్కసారి దొరకెనేని, పిన్నవాడు రెండవసారి అడుగడు. పెద్దవానికి చెప్పుటలో పోవునది ఏమియు లేదు. పిన్నవానికి అడుగుటలో మర్యాద పోవునను శంక కలదు. బరువు తక్కువగా నున్నవాడు ముందడుగు వేయుట న్యాయము. కావున తెలిసినవాడే మొదట మాటాడవలెను. “తమ్మీ, ఒకసారి ఆపి చూడు” అనుటకు ఎంతసేపు పట్టును?

అయితే తెలిసినవాడనగా ఎల్లప్పుడును పెద్దవాడేనా? 2017లో బతుకమ్మ చీరల పని సిరిసిల్లకు వచ్చినది. చిరకాలము సాదా బట్టకు అలవడిన సాంచాలపై రంగుల చీర నేయవలసి వచ్చినది. తరువాతి యేండ్లలో క్రొత్త డిజైనుల కొరకు డాబీలు, జాకార్డులు బిగించుకొనవలసి వచ్చినది. ఇట్టి క్రొత్త అమరికను పడుచువాడు ముందుగా పట్టుకొన్నచో, అప్పుడు తెలిసినవాడు ఆతడే. “తమ్మీ, ఇది ఎట్లు?” అని అడుగుటకు నోరు రాని పెద్దరికము ఏపాటిది?

శరణుల చరిత్రలో ఇందుకు దీపము వంటి ఘట్టము కలదు. తెలంగాణపు నేతవా రెందరో పొట్టచేత పట్టుకొని వలసపోయిన సోలాపురమే నాటి సొన్నలిగె. పన్నెండవ శతాబ్దిలో అచ్చట చెరువు త్రవ్వించి, గుడులు కట్టించి, జనులకు పెద్దదిక్కైనవాడు సిద్ధరామయ్య. ఆయన కల్యాణమునకు వచ్చి ఇష్టలింగదీక్షను పొందినది బసవన్న మేనల్లుడును, వయస్సున పిన్నయు నగు చెన్నబసవన్న చేతి నుండి యని శూన్యసంపాదన సంప్రదాయము చెప్పుచున్నది. అంతటి కార్యశీలి పిన్నవాని యెదుట చేయి చాచుటకు సిగ్గుపడలేదు. కాయకమును పూజగా నెంచినవారికి పని ప్రక్కన చెప్పు మాటయు కాయకములో భాగమే. దాచిన విద్య దాసోహము కానేరదు.

సిరిసిల్లలోనే అగ్గిపెట్టెలో ఇమిడెడి చీరను నేసి పేరుగాంచిన నల్ల పరంధాములు విద్య ఆయన కుమారుడు విజయ్‌కు సంక్రమించినది. కుమారుడు తండ్రి త్రోవను విడువక, పరిమళించు చీరను కూడ నేసెను. తండ్రి చెప్పినది ఎచ్చట ముగిసినదో, కుమారుని పని అచ్చట మొదలైనది.

మాట సాగకపోవుటవలన చెడునది బట్ట మాత్రమే కాదు. నేతన్నల ఆత్మహత్యల వార్తలతో సిరిసిల్ల పేరు పలుమారులు వినబడినది. అప్పు, పనిలేమి అందుకు ముఖ్యకారణములు. మాటలతో అప్పు తీరదు, అది పనితో, కూలితో తీరవలసినది. కాని అప్పును లోలోపల దాచుకొన్నవాని ముఖము ప్రక్క సాంచావానికి కనబడును. “ఏమి తమ్మీ, రెండు దినములుగా అన్నపుగిన్నె విప్పుట లేదు?” అని అడుగువాడు ఉన్నచోట ఒక ప్రాణము నిలువవచ్చును. ఇనుము చప్పుడులోని తేడాను పట్టగల చెవి, మనిషి మౌనములోని తేడాను పట్టజాలదా? అట్లే పెద్దవాని చూపు మందగించి పోగు అతుకుటకు తడబడునప్పుడు, నవ్వక, “కాకా, ఇటు తే, నేను అతికెదను” అనుట పిన్నవాని వంతు.

ఈ మాట సాంచాల షెడ్డుకే కాదు; అంగడికి, కచేరికి, పాఠశాలకు, మఠమునకును చెల్లును. కాని షెడ్డులో అది కంటికి కనబడును. షిఫ్టు మారు వేళ పగటివాడు దిగును, రాత్రివాడు ఎక్కును. ఇద్దరికిని సాంచా ఒక్కటే, బట్ట ఒక్కటే. పగలు పుట్టిన లోపము రాత్రివాని కూలిలో కోతగా తేలవచ్చును. దిగువాడు ఒక్క నిమిషము నిలిచి, “ఎడమ అంచున పడుగు పోగులు తెగుచున్నవి, చూచుకొనుము” అని చెప్పవలెను. ఎక్కువాడు తలయూపి ఊరకుండక, “ఎప్పటి నుండి?” అని అడుగవలెను. ఇద్దరిలో పెద్దవా డెవడో, పిన్నవా డెవడో ఆ నిమిషమున లెక్కకు రాదు. చెప్పినవాడు ఇంటికి ఒక్క నిమిషము ఆలస్యముగా చేరును, అంతియే.