భయపెట్టి వేయించుకున్న వేలిముద్ర

"గడ్డ" అన్న మాట వింటే నాకు ఆ రాత్రి నిద్రపట్టదు. క్యాన్సరేమోనన్న ఈ భయాన్ని ఇంట్లో ఉత్త అనుమానమంటారు. అదే భయం ఆసుపత్రి గడప తొక్కితే ఆపరేషన్‌కు కారణమైపోతుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో తెల్లబట్టకో, అధిక రక్తస్రావానికో చూపించుకున్న ఆడవాళ్ల నోట నేను విన్న మాట ఒకటే: "గర్భసంచి తీపిచ్చుకోకుంటే క్యాన్సరయితదన్నరు." 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతమైతే, తెలంగాణలో 8 శాతం. గర్భసంచిలో వచ్చే కణితులు చాలామటుకు క్యాన్సర్ కావు. అండాశయాలు కూడా తీసేస్తే వయసులోనే ఎముకలు గుల్లబారే ప్రమాదముంది.

భయపెట్టి వేయించుకున్న వేలిముద్ర సమ్మతి అవుతుందా? కాదనే అంటాను. ఒప్పుకోవడానికి అర్థముండాలంటే వద్దనే వీలుండాలి. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను 3 నెలల్లో అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. కానీ డాక్టరు ఎదుట కూర్చున్న ఆ నిమిషంలో ఆమెకి తోడెవరు?

భయపడకు అనడం తోడు కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిజంగానే ఉంది. దాన్ని ముందే పట్టే పరీక్షలూ ఉన్నాయి. నా భయం పోలేదు. దానికి ప్రశ్నలడగడం నేర్పాను. పరీక్షలో ఏం తేలింది? మందులతో తగ్గదా? కొన్నాళ్లు ఆగితే ఏమవుతుంది? జవాబులు విన్నాక ఇంకో డాక్టరుకు చూపించుకుంటాను.

నాకది బస్సుచార్జీతో అయ్యే పని. మిరపకాయ ఏరే మనిషికి ఒకరోజు కూలి. ఆ కూలి పోకుండా ఆమె రెండో మాట వినగలిగిననాడే ఆ వేలిముద్రను సమ్మతి అనగలం.