అట్టకత్తి, కత్తిపీట

కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలకి వెళ్లాను. కొణతాలు పట్టుకుని నడిచే ఆచారవంతులను చూస్తే భక్తికన్నా ముందు నవ్వొచ్చింది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం పేరిట మోస్తున్న ఆ ఆయుధం ఇవాళ పచ్చిమిరపకాయనైనా కోయదు. సభల్లో నాయకులెత్తే వెండిపూత కత్తులూ అంతే. అట్టకత్తి అని ఊరికే అనలేదు మనవాళ్లు.

అయితే నవ్వి ఊరుకోలేకపోయాను. మా ఇంట్లో నిజంగా పదునున్నది అమ్మ కత్తిపీట ఒక్కటే. ఆయుధపూజనాడు నాన్న స్కూటరుకి నిమ్మకాయలు కట్టేవారు, కత్తిపీటకి బొట్టయినా ఉండేది కాదు. పని చేయని ఇనుముకే గౌరవమా? పోనీ కత్తిపీటకీ పూజ చేద్దామంటే, అమ్మని వంటింటికి మరింత గట్టిగా కట్టేసినట్టే కదా. నాగమ్మ మంత్రిత్వం చేసినా జనం నోట మిగిలింది కోడిపందెమే. నాకు కావలసింది పూజ కాదేమో, ఏ పనికీ రాని కత్తిని సరదాగా పట్టుకు తిరగడమేమో!

తిరనాళ్లలో రేకు కత్తి కొన్నాను. బస్సులో పక్కావిడ, పత్తితీతకెళ్లి వస్తోంది, “బాబుకా అమ్మా?” అంది.

“నాకే.”

పకపకా నవ్వింది. “ఏదీ, ఒకసారిటియ్యి,” అని చెయ్యి చాచింది.