మంద ఎప్పటి నుంచి తగ్గింది?

బన్సీలాల్‌పేట్ మెట్ల బావి పక్క వీధిలో ఉండే ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్‌కీ, డిగ్రీ చదువుతున్న ఆయన మనవరాలికీ మధ్య కొన్నాళ్లుగా ఒకటే వాదన. ఇద్దరూ కలిసి వనస్థలిపురం వెళ్లారు. మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకల్ని చూశారు. మనవరాలు ‘మంద బాగుంది’ అంటుంది, తాత ‘మంద క్షీణిస్తోంది’ అంటాడు. చూసింది మాత్రం ఒకే మందను.

“మంచిగనే ఉన్నయి కద తాతా! పిల్లలు గూడ కనిపించినయి. నిజాం వేటాడిన అడవి అది. 1975ల పార్కు చేసిండ్రు గాబట్టే ఈ మాత్రం మిగిలినయి. ఇంక తగ్గుడు ఎక్కడిది?”

“ఎప్పటితోని పోల్చి చెప్తున్నవు బిడ్డా?”

చిన్న ప్రశ్నే, కానీ వాదనంతా దాని చుట్టూనే తిరిగింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దేశం మొత్తమ్మీద కృష్ణజింకలు 40 లక్షల దాకా ఉండేవని ఒక అంచనా. 1970ల నాటికి వేలల్లోకి పడిపోయాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపింది, కొన్ని చోట్ల మందలు తేరుకున్నాయి. 1975 నుంచి లెక్క మొదలుపెడితే అది కోలుకున్న కథ. 1900 నుంచి మొదలుపెడితే కూలిపోయిన కథ. చేపల మీద పరిశోధన చేసిన డేనియల్ పౌలీ 1995లో ఇదే మాట సముద్రం గురించి అన్నారు. ప్రతి తరం శాస్త్రవేత్తలూ తాము పని మొదలుపెట్టినప్పుడు కనిపించిన చేపలనే అసలు కొలతగా తీసుకుంటారు, అంతకుముందే పోయినవి ఎవరి లెక్కలోకీ రావు.

మనవరాలు ఒప్పుకోలేదు. “నువ్వు 1900 అంటవు, ఇంకొకరు మొఘలుల కాలం అంటరు. దానికి అంతేడుంది? ఏ ఏడాదైనా మనం ఎంచుకున్నదే కద!”

ఆమె ఆక్షేపణ బలమైనదే. తాత కూడా దాన్ని దాటవేయలేదు. ఏడాదిని వదిలేసి నేల మీదికి వచ్చాడు.

ఆ రోజు వాళ్లు ఒక మగ జింకను చాలాసేపు చూశారు. వీపు నల్లగా నిగనిగలాడుతోంది, కడుపు కింద తెలుపు, కళ్ల చుట్టూ తెల్లటి వలయాలు. మూతి పైకెత్తి, మెలికలు తిరిగిన కొమ్ముల్ని వీపు మీదికి వాల్చి, తన జాగా చుట్టూ బిగుసుకుని నడిచింది. ఒకేచోట పెంటికలు వేసి హద్దు గుర్తుపెట్టింది. ఆ హద్దులోకి లేడి రావాలంటే దూరం నుంచి ఆ మగదాన్ని చూడగలగాలి. ఆపద వస్తే పరుగే దాని రక్షణ, దాగడం కాదు. అందుకే దానికి చెట్టు నీడ కన్నా తెరిపి నేల ముఖ్యం.

“ఈ మెట్ల బావిని చూడు,” అన్నాడు తాత. “చెత్తతో పూడిపోయి ఉండె. పూడిక తీసిండ్రు, 2022 డిసెంబర్‌ల తెరిచిండ్రు. కింద ఊట ఉండె గనక నీళ్లొచ్చినయి. మందకు ఊట అంటే గడ్డి నేల. అది పోయినంక లెక్క ఎంతుంటే ఏంది?”

వేటగాడు లేకుండానే మంద తగ్గవచ్చని చెన్నైలోని గిండీ పార్కు చూపిస్తుంది. తెరిపిగా ఉన్న గడ్డి నేలను చెట్లూ పొదలూ కమ్ముకున్నాయి. నీడలో మెసలగల చుక్కల దుప్పులు పెరిగాయి, కృష్ణజింకలు తగ్గుతూ వచ్చాయి. మంచి మనసుతో నాటిన మొక్క కూడా ఇక్కడ హాని చేస్తుంది. పచ్చదనం అంటే చెట్లే అనుకునే మన అలవాటు గడ్డిని బీడు కింద జమకట్టడం నిజంగా బాధ కలిగించే సంగతి.

అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రపు మ్యూల్ డీర్ అనే జింకలది ఇంకో తీరు. పైన్‌డేల్ దగ్గర అవి చలికాలం గడిపే మేత నేలల్లో సహజవాయువు బావులు తవ్వారు. వాటికి ఇబ్బంది తగ్గించే ఏర్పాట్లు చేశారు, కొన్నాళ్లకు అలవాటు పడతాయనుకున్నారు. పదిహేనేళ్ల తర్వాత కూడా అవి బావులకు ఎడంగానే తిరిగాయి, మంద 36 శాతం తగ్గిందని 2017లో హాల్ సాయర్ బృందం ప్రచురించింది. నేల అక్కడే ఉంది. మందకు మాత్రం అందులో కొంత భాగం లేనట్టే అయింది.

“అంటే మందను కొలవాలంటే తలకాయలు కాదు, అది తిరగగల జాగను కొలవాలె, అంతేనా?” అంది మనవరాలు. వెంటనే తనే ఎదురు తిరిగింది. “మరి మక్తల్ వైపు రైతును అడుగు. ఆ జాగ ఆయన చేనే. పత్తి, కంది మొలకలను జింకలు మేసి పోతుంటే రాత్రంతా కావలి కాస్తున్నడు. ఆయనకు మంద తగ్గలే, పెరిగింది.”

అది నిజం. నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరం రైతులు ఏళ్లుగా ఈ గోడు చెప్పుకుంటూనే ఉన్నారు. పట్టి వేరే చోటికి తరలిద్దామన్నా తేలిక కాదు, బెదురుకే ప్రాణం వదిలే జంతువు ఇది. ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు కథ ఇంకా చిక్కుది. 1988లో బట్టమేక పిట్ట కోసం ఆ గడ్డి నేలను అభయారణ్యం చేశారు. ఆ రక్షణలో కృష్ణజింకలు బాగా పెరిగాయి, చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి, పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం మీద రైతులకు కోపం పెరిగింది. బట్టమేక పిట్ట మాత్రం దక్కలేదు. లెక్క పెరగడమే మేలైతే రోళ్లపాడును విజయం అనాలి. అక్కడి రైతు గానీ, ఆ పిట్ట కోసం తపించినవాళ్లు గానీ అలా అనరు.

ఇక్కడ తాత వాదన సగం దూరమే నడుస్తుందని ఒప్పుకోవాలి. జాగ కావాలి అనడం సులువు. ఆ జాగ ఇప్పుడు ఒకరి పట్టా భూమి.

“కంచె తీసెయ్యమంటవా మరి?” అని అడిగింది మనవరాలు.

“వనస్థలి కంచె తీస్తే హైవే మీద పడి చస్తయి. నేనట్ల అంటలేను. దాదాపు 3,600 ఎకరాలల్ల పెట్టి, బయటి మందతో కలవనియ్యక, అదే మంద అంటే నా మనసు ఒప్పుత లేదు. కొత్త రక్తం రాకుంటే తరాలు గడిచినకొద్ది బలం తగ్గుతది.”

“ఒప్పుకుంటున్న. కానీ లోపల గడ్డి ఎన్ని ఎకరాలుంది, పొద ఎన్ని ఎకరాలు కమ్మింది, అది ముందు లెక్క తియ్యాలె. జింకలను ఎంచినప్పుడల్లా దాన్ని గూడ ఎంచాలె.”

“మక్తల్ రైతుకు?”

“ఆయన పంట నష్టం కట్టిచ్చుడు ఒక్కటే చాలదు తాతా. బీడు వదిలినందుకు గూడ ఏటా కిరాయి ఇయ్యాలె. జింకలు చూసి సంతోషపడేది పట్నపోళ్లం మనమైతే, మొలకలు పోయేది ఆయనవి.”

“నల్లరేగడిల ఎకరం బీడు వదిలేటందుకు ఎంత అడుగుతడో తెలుసా నీకు?”

“తెల్వదు. పోయి అడగాలె. ఈ దసరా సెలవులల్ల నువ్వు గూడ వస్తవా?”