మూడాకుల మొక్క

ధ్యాన భాగము: మత్తయి 7:1-20



వానలు కురిసిన తరువాత గుడి ముంగిటను, పొలము గట్లమీదను, బాట ప్రక్కను మూడేసి ఆకులతో నేలను పరచుకొని పెరుగు చిన్న మొక్కలను మీరందరు చూచియేయుందురు. ఆదివారపు బడి పిల్లలతో గుడి ముంగిలి బాగుచేయుచుండగా ఒక బాలుడు గుప్పెడు ఆకు తెచ్చి, "అయ్యగారూ, ఇది పులిచింతేనా?" అని అడిగెను. మేము చూచియు చూడకయే, "అవును, పులిచింతయే" అంటిమి. వాడు ఒక ఆకు నోట వేసికొని, "పులుపు లేదండీ!" అనెను. మేము సిగ్గుపడితిమి.

అంతట పిల్లలతో కూడ నేలమీద కూర్చుండి చూచితిమి. అచ్చట రెండు జాతులు కలిసి పెరుగుచుండెను. పులిచింత పువ్వు పసుపుపచ్చనిది. దాని అయిదు రేకులు సమానముగా నుండును. కాయ చిన్న బెండకాయవలె నిక్కి నిలిచి, పండినప్పుడు తాకినచో చిట్లి గింజలు చిమ్మును. రెండవ మొక్క చిక్కుడు కుటుంబములోనిది. దాని చిన్న ఊదా పువ్వులో ఒక రేకు వెనుక నిలువుగా నిలిచియుండును. రెండు రేకులు రెక్కలవలె నుండును. మిగిలిన రెండును దోనెవలె కలిసియుండును. కంది, పెసర పువ్వులు చూచినవారికి ఇది క్రొత్త కాదు. దాని కాయ చదునుగా నుండి, కణుపు కణుపుగా విడిపోయి బట్టలకు అంటుకొనును.

ఈ మొక్కకు పండితులు పెట్టిన పేర్లును మారినవి. 1753లో లిన్నేయస్ దానిని హెడిసారమ్ అనెను. 1825లో డి కండోల్ డెస్మోడియమ్ అనెను. 2018లో గ్రోనా అను పేరు పెట్టిరి. పేరు మారినను మొక్క మారలేదు. పువ్వును కాయయు నాడెట్లో నేడును అట్లే. బ్రదికియున్నదను పేరుండియు మృతమైన సార్దీసు సంఘమును గూర్చి ప్రకటన గ్రంథము 3వ అధ్యాయములో చదువుచున్నాము గదా! క్రైస్తవుడను పేరు మాత్రము మనలను నిలుపదు.

ఇచ్చట ఒక ప్రశ్న కలుగును. ఇతరులకు తీర్పు తీర్చవద్దని చెప్పిన ప్రభువే, అదే అధ్యాయములో, ఫలములనుబట్టి మనుష్యులను తెలిసికొనవలెనని బోధించెను. ఈ రెండును ఎట్లు పొసగును?

ఆకు చూచి నోరు జారుట తీర్పు. కాయ వచ్చువరకు కనిపెట్టి తెలిసికొనుట వివేచన. మొదటిది నిలుచుండియే చేయవచ్చును. రెండవదానికి మోకాళ్లూని దగ్గరకు వంగవలెను. మన సంఘములలో ఎందరిని మనము ఆకు చూచి విడిచితిమి! పసువులను తోలి ఆలస్యముగా వచ్చి వెనుక చాపమీద కూర్చుండు ఒక యౌవనుని మేము భక్తిలేనివాడని యెంచితిమి. ఒక యింట అందరు జ్వరముతో పడినప్పుడు వారికి పది దినములు నీళ్లు మోసినవాడు అతడే. ముందు వరుసలోని మేము ఒక్క కడవయు మోయలేదు.

అట్లని అందరిని కన్నులు మూసికొని నమ్ముమని కాదు. తీయని మాటలతో వచ్చి, మొదటి దినముననే విధవరాండ్ర కానుకలు కూడబెట్టుకొనువానికి మూట విప్పనక్కరలేదు. అతడు విడిచివచ్చిన ఊరిలో ఏ ఫలము మిగిలెనో విచారింపుడి. ఇది తీర్పు కాదు, మందను కాయుట. అయితే పెరికివేయుట మన పని కాదు. గోధుమలును గురుగులును కోతకాలమువరకు కలిసి పెరుగనిమ్మని యజమానుడే సెలవిచ్చెను (మత్తయి 13:24-30).

ఇంకొక మాట. ఆ చిన్న మొక్కను పెరికి చూచినచో వేళ్లకు సన్నని బుడిపెలు కనబడును. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఆహారముగా మార్చును. ఈ కుటుంబపు మొక్కలకు ఆ శక్తి బుడిపెల మూలమున కలుగుచున్నదని 1886లో జర్మనీ దేశస్థుడు హెల్‌రీగెల్ తెలియజేసెను. అందరు త్రొక్కి నడచు మొక్క నేలక్రింద మేలు చేయుచున్నది! మనుష్యుని వేరును మనము పెరికి చూడలేము. దానిని చూచువాడు దేవుడొక్కడే. తీర్పు ఆయనకే చెందుటకు ఇదియే కారణము.

కాబట్టి ప్రియులారా, ఈ నెలలో పొలమునకు పోవునప్పుడు ఆ మూడాకుల మొక్కయొద్ద ఒక నిమిషము వంగి చూడుడి. పొరుగువాని ఆకును ఎంచుటకు ముందు మన కొమ్మన ఏ కాయ కాచినదో పరీక్షించుకొందము (2 కొరింథీ 13:5). త్వరపడని కన్నులను, ఓర్పుగల హృదయమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.