కొండను తెచ్చిన వినయము



గుంతకల్లు పట్టణమునకు చేరువనున్న కసాపురము శ్రీ నెట్టికంటి ఆంజనేయస్వామి వారిని ఎరుగని ఇల్లు అనంతపురము సీమలో లేదు. 16వ శతాబ్దిలో శ్రీ వ్యాసరాయల వారు ఈ స్వామిని ప్రతిష్ఠించిరని పెద్దలు చెప్పుదురు. శ్రావణ మాసము వచ్చినంతనే ఈ కరవు నేల నలుమూలల నుండియు, పొరుగునున్న బళ్ళారి సీమ నుండియు భక్తులు స్వామి సన్నిధికి తరలివత్తురు. వారిలో వానకై మ్రొక్కువారు కొందరు, సంతానమునకై మ్రొక్కువారు కొందరు. ఇంటిలోని వారి వ్యాధి తగ్గవలెనని మ్రొక్కువారు పెక్కుమంది. సంజీవి కొండను మోసి తెచ్చిన స్వామిని గాక రోగి మరెవ్వరిని తలచుకొనును?

ఆ సంజీవి కథను మనము ఉయ్యాలలో నాటి నుండి వినుచునే యున్నాము. అయినను అందలి ఒక ఘట్టమును తొందరపాటుతో దాటిపోవుచున్నాము. నేడు ఆ ఘట్టము వద్ద ఒక క్షణము ఆగుదము.

రావణుని శక్తి తగిలి లక్ష్మణస్వామి నేలకొరిగెను. శ్రీరామచంద్రుడు తమ్ముని చూచి, ఇక తనకు యుద్ధమేల, రాజ్యమేల అని విలపించుచుండెను. అప్పుడు వానర వైద్యుడైన సుషేణుడు లక్ష్మణుని ముఖకాంతిని చూచెను, అరచేతులను చూచెను, ఊపిరిని గమనించెను. ప్రాణమున్నదని నిశ్చయించిన పిమ్మటనే నోరు విప్పి మందు మాట చెప్పెను. ఏ పర్వతమునకు పోవలెనో, ఏ శిఖరమున వెదకవలెనో, విశల్యకరణి, సావర్ణ్యకరణి, సంజీవకరణి, సంధానకరణి అను ఓషధులు ఎట్టి గుణము కలవో వివరించి హనుమంతుని పంపెను. హనుమ వాయువేగమున ఆ శిఖరమును చేరెను. చేరెను గాని, ఆ ఓషధులను గుర్తింపలేకపోయెను.

అప్పుడు ఆయన యేమి చేసెను? చేతికందిన ఆకు కోసి తెచ్చి “ఇదియే సంజీవి” అని యుండినచో కాదనువారెవ్వరు? సముద్రమును లంఘించినవాడు, లంకను కాల్చినవాడు, సీతమ్మ జాడ తెచ్చినవాడు. ఆయన మాటను శంకించు వానరుడు ఆ సేనలో ఒక్కడును లేడు. అయినను ఆ మహాత్ముడు తనకు తెలియని దానిని తెలిసినట్లు నటింపలేదు. శిఖరమునకు శిఖరమునే పెకలించి, తెలిసిన వైద్యుని ముందు తెచ్చి నిలిపెను. సుషేణుడు ఓషధిని గుర్తించి, కోసి, నలిపి, ముక్కున పీల్పించెను. లక్ష్మణుడు లేచి కూర్చుండెను.

చూచితిరా! మోయుట హనుమ పని, గుర్తించుట వైద్యుని పని. భక్తి యెంత గొప్పదైనను, బలమెంత గొప్పదైనను, పరీక్షింపని ఆకును రోగి నోట పెట్టు అధికారము దానికి లేదు. కొండను ఎత్తిన బలమును మనము కీర్తించుచున్నాము. ఆ కొండను ఎత్తించిన వినయమును మరచుచున్నాము.

ఈ మాట మీకు చెప్పుటకు ముందు నాకు నేను చెప్పుకొనవలసియున్నది. నేను చేసిన తప్పు ఒకటి కలదు.

2019వ సంవత్సరము శ్రావణ మాసమున గుంతకల్లు ప్రాంతములోని ఒక గ్రామ భజన మందిరమున సుందరకాండ ప్రవచనము చేయుచుంటిని. నాలుగవ నాడు ఇద్దరు యువకులు కొన్ని పెట్టెలతో వచ్చిరి. పెట్టెపై ధన్వంతరి భగవానుని చిత్రము. లోపల డబ్బాలలో పొడి. పదునెనిమిది మూలికల సారమనియు, చక్కెర వ్యాధి, రక్తపోటు, కీళ్ళనొప్పి అన్నిటికిని ఒకే మందనియు చెప్పిరి. నెలకు సరిపడు డబ్బా రూ.3,500. మరి ముగ్గురిని చేర్చిన వారికి ధర తగ్గునట. మందిరపు దీపాలంకరణకు కొంత సొమ్ము ఇచ్చి, “స్వామీ, తమ చేతి అక్షతలు చాలును” అనిరి. నేను ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు. ధన్వంతరి చిత్రమును చూచి నమస్కరించితిని. పెట్టెలపై అక్షతలు చల్లితిని.

ముందు వరుసలో ఒక వేరుశనగ రైతు కూర్చుండెడివాడు. ఏబది యేండ్ల వాడు. సర్కారు ఆసుపత్రి మాత్రలతోను, సాయంకాలపు ఇన్సులిన్ సూదితోను అతని చక్కెర వ్యాధి అదుపులో ఉండెను. విత్తనమునకు దాచిన సొమ్ముతో అతడు ఆ డబ్బాలు కొనెను. రెండును కలిపి వాడరాదని అమ్మినవారు చెప్పగా సూది మానెను, మాత్రలు మానెను. కొన్ని దినములు ఒంట హుషారుగా ఉన్నదని అందరితో చెప్పుకొనెను. పిమ్మట దప్పిక మొదలైనది, ఒళ్ళు తగ్గినది. చేనిలో కాలికి తుమ్మముల్లు గ్రుచ్చుకొన్నది. నరములు మొద్దుబారిన కాలికి నొప్పి తెలియలేదు. పుండు మానలేదు. పుష్యమాసము నాటికి మోకాలి క్రింద కాలు తీసివేయవలసి వచ్చినది.

నేను చూడబోయితిని. అతడు నన్ను నిందింపలేదు. “సామీ, మీరు అచ్చింతలేసిన మందు గదా, తప్పుంటాదా అనుకొని సూది మానుకొంటి” అని మాత్రము అనెను. అతని భార్య నా కాళ్ళకు మ్రొక్కి, మంచినీళ్ళు ఇచ్చెను. ఆ నీరు నాకు గొంతు దిగలేదు. నాటి నుండి నేటి వరకు ఆ మాట నా చెవిలో మ్రోగుచునే యున్నది.

భక్తులారా, ఇట్టి పెట్టెలు మన సీమకు ఏల వచ్చుచున్నవో ఆలోచింపుడు. అనంతపురము పీఠభూమి వానచాటు నేల. నైరుతి మేఘములు పడమటి కనుమల వద్దనే తరుగును, ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరము వద్దనే తరుగును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియుటయే గగనము. వేరుశనగ ఊడలు దిగు వేళకు చినుకు లేకున్న ఆ యేటి పంట అంతే. ఆసుపత్రికి పోవుటయనగా ఒకనాటి కూలి పోవుట, బస్సు ఛార్జి పెట్టుట, పొద్దంతయు వరుసలో నిలుచుట. మరొక బాధ కూడ కలదు. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. ఇచ్చటి అనేక గ్రామముల బోరు నీటిలో అది మించియున్నది. ఆ నీరు ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలు బిగిసి, కీళ్ళు పట్టుకొనును. దానికి కావలసినది మంచినీరు. పొడి డబ్బా కాదు. కాని మంచినీరు ఇంటి ముంగిటికి రాదు, డబ్బా వచ్చును! కనుక ఆశపడిన రైతును నేను తప్పుపట్టను. ఆశపడుట పాపము కాదు. ఆశను తూచి అమ్ముట పాపము.

మరి దీనికి మన సంప్రదాయమున రక్ష లేదా? కలదు. భగవద్రామానుజుల వారు శ్రీభాష్యమున భక్తికి సాధనములు ఏడు చెప్పిరి. వానిలో మొదటిది వివేకము. వివేకమనగా ఏమి? దోషము లేని ఆహారముచే దేహమును శుద్ధముగా నుంచుకొనుట. ఆ దోషములు మూడు: వస్తువునందే యుండు జాతి దోషము, ఇచ్చువాని వలన వచ్చు ఆశ్రయ దోషము, మధ్యలో కలిసిన దాని వలన వచ్చు నిమిత్త దోషము. మన ఇండ్లలో అన్నమునకు ఈ మూడింటిని చూచుచునే యున్నాము. వెంట్రుక పడిన అన్నమును విడిచిపెట్టుచున్నాము. మరి నెలల తరబడి మ్రింగు పొడికి చూడవలదా?

మొదట జాతి దోషము. మూలిక కదా, హాని యేమున్నదని అందురు. గన్నేరు మూలిక కాదా? ఉమ్మెత్త మూలిక కాదా? పాలకడలిని చిలికినపుడు అమృతము కన్న ముందు హాలాహలము పుట్టలేదా? యుక్తి తెలిసి వాడిన విషమును మందగుననియు, యుక్తి తప్పిన మందును విషమగుననియు చరకుల వారు ఏనాడో హెచ్చరించిరి. పనిచేయు మూలిక యేదైనను ఒంటిపై పనిచేయును. కనుక వైద్యుడిచ్చిన మాత్రతో కలిసి మేలు చేయునో, కీడు చేయునో తెలిసియుండవలెను.

రెండవది నిమిత్త దోషము. కీళ్ళనొప్పికి, ఉబ్బసమునకు అమ్ము కొన్ని పొడులలో పేరు చెప్పని స్టిరాయిడ్ మందు కలిపియుండుట పరీక్షలలో బయటపడినది. అది కలిసిన పొడి తిన్నవానికి నొప్పి తగ్గును, ఆకలి పెరుగును, గుణమిచ్చినదని ఊరంతయు చెప్పును. పిమ్మట ముఖము ఉబ్బును, చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును. హఠాత్తుగా మానినచో ప్రాణమునకే ముప్పు. కావున అట్టిది చాలకాలము తిన్నవారు తమంత తాము మానక, డబ్బాతో సహా వైద్యుని వద్దకు పోవలెను. మరికొన్ని పొడులలో సీసము, పాదరసము వంటి లోహములు కనబడినవి. సీసము రక్తమును, నరములను చెరచును. ఇవి కంటికి కనబడవు, నాలుకకు తెలియవు. పరీక్షశాల ఒక్కటే చెప్పగలదు.

మూడవది ఆశ్రయ దోషము. వైద్యుని వేషము వేసి రోగిని వంచించువారిని గూర్చి చరకసంహిత మిక్కిలి కఠినముగా పలికినది. నేటి చట్టమును అట్లే పలుకుచున్నది. చక్కెర వ్యాధి, పుట్టకురుపు, పక్షవాతము, మూర్ఛ మొదలగు వ్యాధులను నయము చేయుదుమని ప్రకటించుటను 1954 నాటి ఔషధములు, మాయా చికిత్సల చట్టము నిషేధించినది. ఆరోగ్య పోషకములుగా అమ్ము డబ్బాలపై “ఔషధముగా వాడుటకు కాదు” అని వ్రాయవలెనని 2016 నాటి ఆహార భద్రతా నిబంధనలు విధించినవి. అమ్మువాని నోరు ఒకటి చెప్పును, డబ్బా మరొకటి చెప్పును. అది చిన్న అక్షరములలో నుండును, అదియును ఆంగ్లమున. చదువుకొన్న మనుమనిచే చదివించుకొనుడు.

“అందరును మోసగాండ్రేనా?” అని అడుగవచ్చును. కాదు. 2021 మే నెలలో కరోనా రెండవ ఉప్పెన సాగుచుండగా నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఆనందయ్యగారు ఉచితముగా మందు పంచిరి. ఆయన సొమ్ము ఆశించలేదు. వేలాది జనము ఎగబడుటతో పంపిణీ ఆగినది. కేంద్ర ఆయుర్వేద పరిశోధనా సంస్థ నివేదిక వచ్చిన పిమ్మట మే 31న రాష్ట్ర ప్రభుత్వము కంటి చుక్కలు తప్ప మిగిలిన మందులకు అనుమతినిచ్చినది. కాని వాని వలన కరోనా తగ్గునని రుజువు లేదనియు, వైద్యులిచ్చిన మందులు మానరాదనియు స్పష్టము చేసినది. దీని వలన మనము నేర్చుకొనవలసినది యేమి? ఇచ్చువాని మనస్సు నిర్మలమైనంత మాత్రమున మందు రుజువైనట్లు కాదు. మనస్సు వేరు, మందు వేరు.

రుజువు ఎట్లుండునో కూడ చూడుడు. ఆ రైతు మానివేసిన ఇన్సులిన్‌ను మొదటిసారి 1922 జనవరి 11న కెనడాలోని టొరంటో నగరమున 14 ఏండ్ల బాలునికి ఇచ్చిరి. అది శుద్ధముగా లేకుండుటచే గుణమీయలేదు. ఆ వైద్యులు ఆ సంగతిని దాచలేదు, మరునాడు అంగడిలో పెట్టలేదు. ఆపిరి, శుద్ధి చేసిరి, జనవరి 23న మరల ఇచ్చిరి. బాలుని చక్కెర తగ్గినది. “ఇది గుణమీయలేదు” అని ఒప్పుకొనగలవాడే గుణమిచ్చిన నాడు నమ్మదగినవాడు. అన్ని రోగములకు, అందరికిని, ఎన్నడును తప్పదని చెప్పు మందునకు ఈ ఒప్పుకోలు ఎన్నడైనను విన్నామా?

ఇట్లు ప్రశ్నించుట విశ్వాసలోపము కాదా అని కొందరి సంశయము. తీర్థము, ప్రసాదము భగవదనుగ్రహ రూపములు. వానికి వెల కట్టము, రోగముల జాబితా వ్రాయము. వెల కట్టి, రోగము పేరు చెప్పి, దేవుని బొమ్మ అంటించి అమ్మునది ప్రసాదము కాదు, సరకు. శరణాగతి శ్రీమన్నారాయణుని పాదములకే గాని సరకునకు కాదు. స్వామికి మ్రొక్కుకొనుడు, ముడుపు కట్టుడు. అదే చేతితో వేళకు మాత్ర వేసుకొనుడు. వైద్యుని చేతిలో నారాయణుని చూచుట మన పెద్దలు నేర్పిన సంప్రదాయమే.

2022 శ్రావణమున నేను మరల ఆ గ్రామమునకు పోయితిని. మొదటి నాడే, సుందరకాండ విప్పుటకు ముందు, పదిమంది యెదుట నా తప్పు చెప్పుకొంటిని. మందిరపు పెద్దలు ఇకపై ఏ మందును, ఏ పొడిని స్వామి యెదుట అమ్మనీయరాదని తీర్మానించిరి. ఆ రైతు ఊతకర్రతో వచ్చి, అదే ముందు వరుసలో కూర్చుండెను. ప్రవచనము ముగిసిన పిమ్మట నా వద్దకు వచ్చి, “సామీ, ఈ మాట పక్క ఊర్లో గూడ చెప్పండి” అనెను.

ఆ పెట్టెలపై చల్లిన అక్షతలను నేను తిరిగి ఏరుకొనలేను. అతడు చెప్పినట్లు పక్క ఊరిలో చెప్పుచున్నాను. ఆ పక్క ఊరిలో చెప్పుచున్నాను. నేడు మీకు చెప్పుచున్నాను. మీ ఇంటి ముంగిటికి పెట్టె వచ్చిన నాడు కసాపురపు స్వామిని ఒక్కసారి తలచుకొనుడు. తెలియని ఆకును తుంపక, కొండతో సహా వైద్యుని ముంగిట నిలిపిన ఆ వినయమును మనకు ప్రసాదింపుమని వేడుకొనుడు.

శుభం భూయాత్.